ఇరుసులోని చమురు



పల్నాటి పల్లెలలో నా యీడువారందఱును బండికి కందెన వేయుట చూచినవారే. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో మెదిపి, కడచీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలికి జరిపి, ఇరుసునకు పూసెడివారు. నరసరావుపేటకు ధాన్యము తోలుటకు ముందును, శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ గట్టుకొని పోవుటకు ముందును మా నాయనగారు ఈ పని పరులకు విడువక తామే చేసెడివారు. నేను ఆముదపు పిడత పట్టుకొని నిలుచుండెడివాడను. ఆ కందెన నాలుగు క్రోసులు నడుచునప్పటికి నల్లగా వెలికి గారెడిది. కాఱుట తప్పు గాదు. కాఱినది తుడిచి మరల పూయుటయే ఆచారము. సుమతీశతకకర్త కరణముల మాట చెప్పవలసివచ్చి, ఇరుసు కందెననే ఉపమానముగా దెచ్చెను గదా!

సంస్కృతమున ఇరుసునకు అక్షమని పేరు. ఇంగ్లీషువారి యాక్సిలు అను మాటయు ఆ కుటుంబములోనిదే. నూనెకు స్నేహమని పేరు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వెడివారు.

మోటారుబండి ఇరుసు వేఱు. అది బోలుగా నుండును. దానిలో పండ్లచక్రములు చమురులో మునిగి తిరుగును. ఆ చమురు లోపలనే నిలువవలెను. తిరుగు కడ్డీకిని తిరుగని గొట్టమునకును నడుమ అడ్డుకట్ట యెట్లు వేయుట? మొదట ఉన్నిపట్టీలు చుట్టిరి. తరువాత తోలు వచ్చెను. అమెరికాలో 1878లో యంత్రములకు తోలుపట్టాలు చేయుటకు పుట్టిన చికాగో రాహైడ్ అను సంస్థ 1920ల నాటికి మోటారులకు తోలు సీళ్లు చేయసాగెను. జర్మనీదేశమున ఫ్రాయిడెన్‌బెర్గ్ వారును తోళ్లు ఊనువారే. వారి కార్ఖానాలో సిమ్మర్ అను ఇంజనీరు పేర వెలసిన సీలు 1930లలో తోలు విడిచి కృత్రిమ రబ్బరునకు మాఱెను. నేడు మనము చూచు సీలు ఉంగరమంత సులువైన వస్తువు: వెలుపల ఇనుప కట్టు, లోపల రబ్బరు పెదవి, ఆ పెదవిని కడ్డీకి అదుముచు సన్నని స్ప్రింగు. మన ఊళ్లలో కపిలబానకు తోలు తొండము కుట్టినవారి విద్యయే ఇది. నీరు కాఱని కుట్టు ఎఱిగినవారిని మనము ఊరి వెలుపల నుంచితిమి.

వెనుక చక్రములకే గాక ముందు చక్రములకును యంత్రబలము నందించు లారీలో ఈ చిక్కు ఇనుమడించును. ముందు చక్రము పక్కకు తిరుగవలెను, బండిని లాగనూవలెను. విస్కాన్సిన్ రాష్ట్రమున క్లింటన్‌విల్ అను చిన్న యూరిలో కమ్మరపని యెఱిగిన ఆటో జాకో, అతని బావమఱది విలియం బెసర్‌డిచ్ ఇందుకొక కీలు కల్పించి 1908లో పేటెంటు పొందిరి. మొదటి ప్రపంచయుద్ధమున ఆ లారీలు వేలకొలదిగా బురదనేలలు దాటెను. రెండవ యుద్ధమున జీపు వచ్చెను. మనదేశమున 1959లో జబల్పూరులో సైన్యమునకు శక్తిమాన్ లారీలు చేయ మొదలిడిరి. సైన్యము పాత లారీలను వేలము వేయగా, అట్టివి కొన్ని మన రాళ్ల దారులకు వచ్చి చేరెను.

అట్టిది మా బంధువొకరికి గలదు. మాచర్ల వైపునుండి నాపరాళ్లు తోలెడివాడు. ఎడమ ముందు చక్రము లోపలివైపు చెమ్మగిల్లుచుండ, ఒక షెడ్డువారు మూడుమాఱులు సీలు మార్చిరి. నెల తిరుగకుండ మూడుమాఱులును కాఱెను. "కాస్త చమురే గదా" యని డ్రైవరు ఊరకుండెను. ఒకనాడు నాగులేటికి దిగు పల్లమున బ్రేకు త్రొక్కగా బండి కుడివైపునకు ఒక్క లాగు లాగి గట్టెక్కి నిలిచినది. రాళ్లపై కూర్చున్న కూలివాని చేయి విఱిగెను. ఎడమ బ్రేకుపట్టీలు చమురులో నానిపోయి పట్టుదప్పినవి. కుడివి మాత్రమే పట్టినవి.

లారీని నరసరావుపేటలో ఒక వృద్ధుడగు మేస్త్రీకి చూపితిమి. ఆయన సీలు జోలికి పోక, "ఏటిలో దించుతుంటారా?" యని యడిగెను. ఇసుకకు దించెదమంటిమి. ఇరుసుపై చిన్న ఊపిరిగొట్టము గలదు. అది మట్టితో బిగిసియున్నది.

"మేష్టరుగారూ, గిన్నెమీద మూత బిగించి అన్నం వండితే గంజి పొంగదా అండీ?" యనెను.

నడకలో ఇరుసు వేడెక్కి లోని గాలి ఉబ్బును. పోవుటకు దారిలేక సీలు పెదవిని త్రోసికొని చమురుతో వెలికివచ్చును. వేడి ఇరుసు చన్నీట దిగినచో గాలి ముడుచుకొని నీటిని లోనికి బీల్చును. అడుగు మఱ విప్పగా చమురు మజ్జిగవలె తెల్లగా దిగెను.

ఆయన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీపై లేపి, డ్రమ్ము విప్పెను. కడ్డీపై సీలు ఒఱసిన చోట గోటికి తగులు గాడి లేదని చూచెను. ఉన్నచో క్రొత్త సీలును నిలువదట. బేరింగు కదలిక పరీక్షించెను. క్రొత్త సీలు పెదవికి చమురు పూసి, పెదవి చమురున్న వైపునకే యుండునట్లు సమముగా దట్టెను. నానిన పట్టీలను కడిగి వాడుదమని మావాడనగా ఒప్పుకొనక, రెండువైపులను క్రొత్తవి వేసెను. చమురు మట్టము మించనీయలేదు.

మీ ఊరి ట్రాక్టరునకును ఇట్టి సీళ్లు గలవు. చక్రము లోపలివైపు తడి యున్నచో వేలితో తాకి వాసన చూడుడు.

కూలివాని చేతికట్టు విప్పువఱకు అతని దినకూలి మా బంధువే ఇచ్చెను. ఇప్పుడు ఏటినుండి లేచినప్పుడెల్ల డ్రైవరే దిగి, గుడ్డతో ఆ ఊపిరిగొట్టము తుడుచుచున్నాడు.