గణితవినోదములు - పాఠరక్షణము

చిప్పగిరి నేఁడు కర్నూలుమండలములోనిది. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు బళ్లారిమండలమున ఆలూరు తాలూకాకుఁ జెందియుండెను. ఈయూరి పేరు విన్నంతనే జనులు విజయదాసును దలఁతురు; 1755లో ఆ హరిదాసు పరమపదించిన దిచ్చటనే. కాని కొండమీఁది జైనబసది ఈ గ్రామమున మఱియొక చరిత్ర కలదని చాటుచున్నది. ఈ కన్నడాంధ్రసీమను రాష్ట్రకూటు లేలిన కాలమున జైనులు గణితమును మిక్కిలి యాదరించిరి. వారికది కేవలము వర్తకుల యక్కఱ కాదు. లోకపరిమాణమును, కాలపరిమాణమును దెలుపు గణితానుయోగము వారి శాస్త్రములలో నొక భాగము.

రాష్ట్రకూటచక్రవర్తి యగు అమోఘవర్షనృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుఁడను జైనపండితుఁడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. 1912లో రంగాచార్యులవారు దీనిని ఆంగ్లానువాదముతోఁ జెన్నపురిలోఁ బ్రకటించిరి. ఇందలి గుణకారప్రకరణమునఁ గొన్ని వింతలెక్కలు గలవు. 139ని 109చే గుణించిన 15151 వచ్చును. 152207ను 73చే గుణించిన ఎనిమిది యొకట్లు, అనఁగా 11111111 వచ్చును. 27994681ని 441చే గుణించిన 12345654321. ఎడమనుండి చదివినను గుడినుండి చదివినను ఫల మొక్కటియే. ఇరుప్రక్కల సరిపూసలు గూర్చిన హారమువలె నుండుటచే గ్రంథకర్త యిట్టివానికిఁ గంఠాభరణాది నామము లిడెను.

చూచుట కివి బాలవినోదములు. సాహిత్యచరిత్రకారులు వీనిని దడవకపోవుట కదియే హేతువు కాఁబోలు! అయినను దాటాకుప్రతులను సరిచూచి పాఠనిర్ణయము చేయువారికి వీనివలన గొప్ప ప్రయోజనము గలదు. సామాన్యమైన లెక్కలో వ్రాయసకాఁ డొక యంకె తప్పు వ్రాసినచో, శిష్యుఁ డా తప్పు ప్రశ్నకే సరియైన యుత్తరము సాధించి తృప్తిపడును. తప్పు దాఁగియే యుండును. హారసంఖ్య యట్లు కాదు. 152207కు మాఱుగా 152307 అని వ్రాసినచో ఫలము 11118411 అగును. హారము తెగినదని చదువరి కప్పుడే తెలియును.

ఈ గ్రంథమును దెనిఁగించినవాఁడు పావులూరి మల్లన. రాజరాజనరేంద్రునివలనఁ బిఠాపురము చెంత నవఖండవాడ నందినవాఁ డితఁడా, యితని తాతయా యను వివాద మున్నది. మల్లన శైవుఁడు గావున మూలములోని జైనప్రశంసలను శివపరముగా మార్చెను, గణితచమత్కారములనుమాత్రము విడువలేదు.

మల్లనదిగాఁ బ్రసిద్ధికెక్కిన చంపకమాల యొకటి చదరంగపు లెక్కను దెలుపును. మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూఁడవదానిలో 4, ఇట్లు 64 గడులును రెట్టింపఁగా మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగును. ఈ యిరువది యంకెలను ఒకట్ల స్థానము మొదలుకొని శరము 5, చంద్రుఁడు 1, అగ్ని 3 అను సంకేతములతో నందు నిమిడ్చిరి. శతకోటిస్థానమున నున్నది 'అగ్ని'. దానిని వ్రాయసకాఁడు 'అబ్ధి' యని వ్రాసె ననుకొందము. అబ్ధి 4. గణము చెడదు, యతిప్రాసములు చెడవు, సమాసమును గుదురుగనే యుండును. సంఖ్యమాత్రము నూఱుకోట్లు పెరుగును. ఛందస్సునకుఁ దెలియని యీ తప్పు లెక్కకుఁ దెలియును. మొదటి జంటగడులు 1, 2 కలసి 3. తరువాతి జంట 4, 8 కలసి 12. ఇట్లే ముప్పదిరెండు జంటలును 3చే నిశ్శేషముగా భాగింపఁబడును గనుక మొత్తమును నట్లే కావలెను. సరియైన సంఖ్యలోని యంకెల కూడిక 87, మూఁటిచేఁ దెగును. 'అబ్ధి' పాఠమునఁ గూడిక 88, ఒకటి శేషించును.

ఈ పరీక్షయు సర్వత్ర చాలదు. పద్యాదియందలి 'శర' 'కర' యైనచో 5 పోయి 2 వచ్చును. కూడిక 84 అగుటచే లెక్క దానిని బట్టదు. అచ్చట యతి పట్టును. పదునొకండవ యక్షరమైన 'సా'తో శకారమునకు మైత్రి గలదు గాని కకారమునకు లేదు. అదే పాదమున తొమ్మిదవ, పదవ యక్షరములగు 'శర' యట్లు మాఱినచో యతియుఁ బట్టదు, అంకెల కూడికయుఁ బట్టదు. అప్పుడు పరిష్కర్త బలపము చేఁబట్టి యఱువదినాలుగు గడులను రెట్టించి చూడవలసినదే.