జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ ద్వారా ప్రోటీనుల శుద్ధి

జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ అనేది విద్యుత్ క్షేత్ర ప్రభావంతో ప్రోటీనుల (మాంసకృత్తుల) మిశ్రమాన్ని జెల్ గుండా నడిపించి, వేటికవిగా విడదీసే జీవరసాయన పద్ధతి. సాధారణంగా దీనిని ప్రోటీనుల అణుభారాన్ని, స్వచ్ఛతను తెలుసుకొనుటకు వాడుతారు. విడిపోయిన పట్టీని జెల్ నుండి కోసి, అందులోని ప్రోటీనును తిరిగి రాబట్టినప్పుడు ఇదే శుద్ధి పద్ధతి అవుతుంది. ఇందులో లభించే ప్రోటీను పరిమాణం స్వల్పం. కనుక పరిస్థితులు సరిగా కుదరకపోతే, అనేక దశలలో సేకరించిన నమూనా అంతా వృథా అవుతుంది.

చరిత్ర

స్వీడన్ దేశపు శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్ 1937లో ద్రావణంలోని ప్రోటీనులను విద్యుత్తుతో విడదీసే పరికరాన్ని వివరించాడు. ఇతనికి 1948లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1955లో ఆలివర్ స్మితీస్ పిండి (స్టార్చ్) జెల్‌ను, 1959లో రేమండ్, వైన్‌ట్రాబ్ పాలీఅక్రిలమైడ్ జెల్‌ను ప్రవేశపెట్టారు. 1970లో ఉల్రిచ్ లెమ్లీ టీ4 బాక్టీరియోఫేజ్ ప్రోటీనుల అధ్యయనంలో ఉపయోగించిన పద్ధతి నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది.

సూత్రం

సోడియం డోడెసిల్ సల్ఫేట్ (ఎస్.డి.ఎస్.) అనే డిటర్జెంటు ప్రోటీను మడతలను విప్పి, గ్రాము ప్రోటీనుకు సుమారు 1.4 గ్రాముల చొప్పున అంటుకుంటుంది. అందువలన ప్రోటీనులన్నీ ఋణావేశం పొంది ధనధ్రువం వైపు కదులుతాయి. జెల్ జల్లెడవలె పనిచేయుట వలన చిన్న అణువులు ముందుగాను, పెద్దవి వెనుకగాను సాగుతాయి.

అనుకూల పరిస్థితులు

* జెల్ గాఢత: పెద్ద ప్రోటీనులకు 8 శాతం, మధ్యరకం వాటికి 10 నుండి 12 శాతం, చిన్నవాటికి 15 శాతం అక్రిలమైడ్ తగినది. 10 కిలోడాల్టన్లకు లోపు పెప్టైడులకు గ్లైసీనుకు బదులు ట్రైసీను వాడుతారు.
* పి.హెచ్.: పై జెల్‌కు 6.8, క్రింది జెల్‌కు 8.8 ఉంచుతారు. పై జెల్‌లో క్లోరైడ్ అయానులు వేగంగాను, గ్లైసీను నెమ్మదిగాను కదులుతాయి. వాటి నడుమ ప్రోటీనులు పలుచని పొరగా కూడి, ఒకేసారి క్రింది జెల్‌లో ప్రవేశిస్తాయి.
* నమూనా: డైసల్ఫైడ్ బంధాలను తెంచుటకు మెర్కాప్టోఇథనాల్ లేదా డైథయోథ్రిటాల్ కలిపి, 95 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 నిమిషాలు వేడిచేస్తారు. కొన్ని పొర ప్రోటీనులు మరిగిస్తే ముద్దకడతాయి. వాటిని తక్కువ వేడిమిలో ఉంచాలి. లవణం ఎక్కువైతే పట్టీలు వంకరపోతాయి. పొటాషియం ఉంటే ఎస్.డి.ఎస్. అవక్షేపిస్తుంది.
* ఉష్ణోగ్రత: వోల్టేజీ ఎక్కువైతే జెల్ మధ్యభాగం వేడెక్కి పట్టీలు వంపు తిరుగుతాయి. తక్కువ వోల్టేజీ, చల్లని బఫరు మేలు.
* జెల్ పక్వత: గడ్డకట్టిన జెల్‌లో మిగిలిన పెర్‌సల్ఫేట్ ప్రోటీనును ఆక్సీకరణం చెందించగలదు. అందుచేత జెల్‌ను ముందురోజే పోసి ఉంచుట మంచిది.

ప్రోటీనును రాబట్టుట

కూమాసీ రంగు వేసేటప్పుడు వాడే ఆమ్లం, ఆల్కహాలు ప్రోటీనును జెల్‌లో బిగించివేస్తాయి. కనుక జెల్ అంచునుండి ఒక పేలికను మాత్రమే కోసి రంగువేసి, దాని ఆధారంగా మిగిలిన భాగంలో పట్టీ స్థానాన్ని గుర్తిస్తారు. లేదా జెల్‌ను చల్లని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే పట్టీలు తెల్లగా కనిపిస్తాయి. కోసిన ముక్కను నలిపి బఫరులో నానబెట్టవచ్చు. పెద్ద ప్రోటీనులు ఈ విధంగా సరిగా బయటకు రావు. వాటిని విద్యుత్తుతో వెలికితీయుట (ఎలక్ట్రోఎల్యూషన్) మేలు.

పరిమితులు

ఎస్.డి.ఎస్. వలన ఎంజైములు సాధారణంగా క్రియాశీలతను కోల్పోతాయి. 1980లో హేగర్, బర్జెస్ జెల్ నుండి రాబట్టిన ప్రోటీనును అసిటోనుతో అవక్షేపించి, గ్వానిడీనులో కరిగించి, తిరిగి పలుచన చేసి కొన్ని ఎంజైముల క్రియాశీలతను పునరుద్ధరించారు. ఇది అన్ని ప్రోటీనులకు సాధ్యం కాదు. క్రియాశీలత ముఖ్యమైతే ఎస్.డి.ఎస్. లేని సహజస్థితి జెల్‌ను ఎంచుకోవాలి. ప్రతిరక్షకాల తయారీకి, ద్రవ్యరాశి వర్ణపటమాపనానికి మాత్రం మడత విప్పబడిన ప్రోటీను సరిపోతుంది.

జాగ్రత్తలు

గడ్డకట్టని అక్రిలమైడ్ నాడీవ్యవస్థకు విషతుల్యం. చేతితొడుగులు తప్పనిసరి. చర్మంలోని కెరాటిన్ నమూనాలో చేరకుండా ఉండుటకు కూడా ఇవి తోడ్పడతాయి.

ఇవి కూడా చూడండి

* ప్రోటీను
* ఎంజైము
* క్రొమటోగ్రఫీ