సరస్సులో బోటు షికారు: చట్టం ఏం చెబుతోంది, ఎక్కే ముందు ఏం చూసుకోవాలి?

పడవ ప్రమాదం అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు. వరద పారే నది కాబట్టి భయపడతాం. నిలకడగా ఉండే సరస్సులో అంత ముప్పు ఉండదనుకుంటాం. కానీ 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో, హరణి సరస్సులో విహారయాత్రకు వెళ్లిన పాఠశాల పిల్లల బోటు తిరగబడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారని, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవని తర్వాత బయటపడింది.

వర్తించే చట్టం ఏది?

దేశంలో ఇప్పుడు అమల్లో ఉన్నది ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం-2021. బ్రిటిష్ కాలం నాటి 1917 చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. నదులు, కాలువలతో పాటు సరస్సులూ దీని పరిధిలోకి వస్తాయి. అమలు బాధ్యత ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాలది. ఇంజిన్‌తో నడిచే బోట్ల విషయంలో చట్టం ముఖ్యంగా కోరేవి ఇవి:

• బోటు నిర్మాణం, స్థితి పరిశీలించి ఇచ్చే సర్వే సర్టిఫికెట్
• రిజిస్ట్రేషన్, బోటుపై కనిపించేలా నంబరు
• నడిపేవారికి అర్హత సర్టిఫికెట్
• ప్రాణరక్షక, అగ్నిమాపక పరికరాలు
• బీమా

తెడ్డు పడవల వంటి ఇంజిన్ లేని వాటి నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కల్పించారు. వీటికి తోడు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో పడవల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది.

బోటు ఎందుకు ఒరుగుతుంది?

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. జనం పై అంతస్తుకు చేరినా, లేచి నిలబడినా బరువు పైకి జరిగి బోటు నిలకడ తగ్గుతుంది. అందరూ ఒకే పక్కకు వెళ్తే అటు ఒరుగుతుంది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో రెండంతస్తుల పర్యాటక బోటు బోల్తాపడి 45 మంది మరణించారు. ఒడ్డున కనిపించిన అడవి జంతువులను చూడటానికి ప్రయాణికులు ఒక పక్కకు చేరినప్పుడు బోటు ఒరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అందుకే కూర్చున్న చోటు నుంచి కదలొద్దన్న సూచన సిబ్బంది చాదస్తం కాదు.

నిప్పుతోనూ ప్రమాదమే. 2025 జనవరి 26 రాత్రి హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో బాణసంచా కాలుస్తుండగా బోట్లు అంటుకున్నాయి.

ఎక్కే ముందు

• బోటుపై రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉందేమో చూడండి. తలలు లెక్కపెట్టండి. పిల్లలనూ లెక్కలోకి తీసుకోవాలి.
• లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకుంటే లాభం లేదు. బోటులో అడుగుపెట్టక ముందే తొడుక్కుని, బకిళ్లన్నీ బిగించుకోవాలి. పిల్లలకు వారి కొలతకు సరిపోయేదే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ నీళ్లలో పైకి జారిపోతుంది.
• గాలి ఎక్కువగా వీస్తున్నా, ఉరుములు వినిపిస్తున్నా, చీకటి పడుతున్నా షికారు మానుకోండి.
• బయటికొచ్చే దారి ఎటు ఉందో ముందే చూసుకోండి.
• బోటు తిరగబడి నీటిపై తేలుతుంటే దాన్నే పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదే ప్రయత్నం అలసట తెచ్చిపెడుతుంది.

ఎవరి బాధ్యత?

చాలా ఊళ్లలో సరస్సు మున్సిపాలిటీదో, పర్యాటక శాఖదో అయితే, బోట్లు నడిపేది కాంట్రాక్టరు. హరణిలోనూ నగరపాలక సంస్థ సరస్సు నిర్వహణను ప్రైవేటుకు అప్పగించింది. కాంట్రాక్టు ఇచ్చినంత మాత్రాన తనిఖీ చేయాల్సిన బాధ్యత ప్రభుత్వ సంస్థకు తప్పదు. ఎక్కే ప్రతి మనిషీ కాంట్రాక్టరుకు ఆదాయమే కాబట్టి, రేవు దగ్గర లెక్క చూసే వ్యక్తి అతని కింద పనిచేసేవాడు కాకూడదు. ఆ ఏర్పాటు లేని చోట, ముఖ్యంగా పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు టికెట్ డబ్బులు పోయినా సరే, కిక్కిరిసిన బోటు ఎక్కకుండా తర్వాతి దాని కోసం ఆగడమే మేలు.