అనావృష్టి – కరువు: పాలమూరు చరిత్ర చెప్పేదేమిటి?

పాలమూరు కరువును గూర్చి ఈనాడు రెండు వాదాలు వినవస్తున్నాయి. భూగోళం వేడెక్కింది, ఋతువులు గతి తప్పాయి. కావున వానలు కురియకపోయినా, అడవులు తగులబడినా అది లోకమంతటికీ వచ్చిన ఆపదే గాని ఇక్కడి పాలకులను నిందించి లాభం లేదన్నది మొదటి వాదం. రెండవది దీనికి సరిగ్గా ఎదురు. వాతావరణ మార్పు అనేది ధనిక దేశాలు మన నోరు మూయించడానికి పుట్టించిన మాట, కరువుకు కారణం పాలకుల ద్రోహం ఒక్కటే అంటుంది అది. మొదటి వాదం అధికార పీఠాల నుంచి వస్తున్నది. రెండవ వాదాన్ని, చెప్పడానికి కష్టంగా వున్నా, మన మిత్రులే కొందరు చేస్తున్నారు. వీపనగండ్ల, కొల్లాపురం ప్రాంతాల పల్లెల నుంచి కళాశాలకు వచ్చే విద్యార్థులు రెండింటినీ వింటూ, ఇందులో ఏది నిజమని ఉపాధ్యాయులను అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకాలి. ఎందుకంటే వివాదం కొత్తది కాదు. సుమారు నూట యాభై ఏళ్ళ క్రితం ఇదే దక్కను నేల మీద లక్షలాది ప్రజలు ఆకలితో ప్రాణాలు విడుస్తూ వుండగా, ఇదే వివాదం మరొక రూపంలో సాగింది.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. కనుక ముందు మాట సంగతి చూస్తాను. వాన కురియకపోవడాన్ని మనవారు అనావృష్టి అన్నారు. తిండి దొరకకపోవడాన్ని కరువు అన్నారు, క్షామం అన్నారు. రెండు వేరు వేరు స్థితులకు రెండు వేరు వేరు మాటలు వుండడం యాదృచ్ఛికం కాదు. ప్రాచీనులు ఈతిబాధలు ఆరింటిని లెక్కపెట్టారు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, ప్రత్యాసన్న రాజులు. పంటను మేసే మిడతల సరసనే పొలిమేరలో దిగిన రాజును కూడ నిలబెట్టిన ఆ పట్టికను మనం తేలికగా చూడరాదు. పంట నాశనానికి ఆకాశం ఒక్కటే కారణం కాదని, పాలకుడు కూడ కారణమేనని అందులో ఒప్పుకోలు వుంది.

ప్రజలు మాత్రం తాము చూచిన కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తుంచుకున్నారు. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టినది నందన కరువు. 1876–78 నాటి మహాక్షామం ధాత కరువు. ఆ క్షామంలో బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా మరణించారని చరిత్రకారుల అంచనా. కృష్ణకు ఆవలి ఒడ్డున వున్న కర్నూలు జిల్లా మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. ఈవలి ఒడ్డున నిజాం రాజ్యపు నైరుతి భాగాలను కూడ ఆ కరువు విడువలేదు.

ఆ సమయంలో పాలక మేధావులు ఏమి చేశారు? 1877 నవంబరులో లండనులోని ‘నైన్టీంత్ సెంచురీ’ అనే పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. రచయితలు ఇద్దరూ సామాన్యులు కారు. ఒకరు నార్మన్ లాకియర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు. రెండవ వారు భారత ప్రభుత్వ గణాంక శాఖకు అధిపతి అయిన విలియం హంటర్. మద్రాసులో కొలిచిన వర్షపాతపు లెక్కలను సూర్యబింబం మీది మచ్చల లెక్కలతో జోడించి, సుమారు పదకొండేళ్ళ కొకసారి మచ్చలు తగ్గినప్పుడు దక్షిణ భారతంలో వానలు తగ్గుతాయని, క్షామాలు వస్తాయని వారు వాదించారు. ఆ వాదాన్ని గూర్చి పత్రికలలో చాలా చర్చ జరిగింది. కరువు మూలం సూర్యునిలో వుంటే, కలకత్తాలోని వైస్రాయిని అడిగేదేముంది?

అదే సంవత్సరం ఈ నేల మీద జరిగినది వేరు. 1877 జనవరి 1న లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేయించాడు. కరువు ఖర్చు తగ్గించడానికి మద్రాసుకు పంపబడిన రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలో రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. అది మనిషిని బ్రతికించే కూలి కాదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఎదురు తిరిగాడు. ఇంత జరుగుతున్నా దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. రైళ్ళు ధాన్యాన్ని ధర ఎక్కువ వున్న చోటికి మోశాయి గాని ఆకలి ఎక్కువ వున్న చోటికి కాదు. చివరకు 1880లో క్షామ సంఘమే తన నివేదికలో, ఈ క్షామాలు తిండి లేమి కంటె పని లేమి వల్ల, కొనే శక్తి లేమి వల్ల వచ్చినవని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ఒప్పుకోలు నుంచే క్షామ నియమావళి పుట్టింది. మన దేశపు కరువు సహాయ విధానానికి అదే పునాది.

ఇక్కడ మన మిత్రులు తొందరపడి, చూశారా, సూర్యబింబపు మచ్చలు కట్టుకథ, ఆకాశాన్ని గూర్చిన మాటంతా కట్టుకథే అనవచ్చు. ఆ నిర్ణయం తప్పు. 1877లో నైరుతి ఋతుపవనం దారుణంగా విఫలమైన మాట యథార్థం. దానికి కారణం కూడ తరువాత దొరికింది. 1904లో వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, ఋతుపవనం రాకను ముందుగా చెప్పే మార్గం వెదకుతూ, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద వాయుపీడనం త్రాసు పళ్ళెముల వలె ఊగుతుందని 1920లలో కనుగొన్నాడు. 1969లో బ్యెర్క్నెస్ ఆ ఊగిసలాటకు పసిఫిక్ నీళ్ళు వేడెక్కే ఎల్‌నినోతో వున్న సంబంధాన్ని వివరించాడు. 1876–78లో మన దేశంలోనే గాక చైనాలో, బ్రెజిల్‌లో కూడ ఒకేసారి కరువు రావడానికి బలమైన ఎల్‌నినో ముఖ్య కారణమని నేడు తెలుసు. హంటర్ చెప్పిన కారణం నిలువలేదు. కాని కారణం వెదకడమే నేరం కాదు. నేరమెక్కడ వున్నదంటే, వాన ఎందుకు కురియలేదన్న ప్రశ్నకు దొరికిన జవాబును, మనిషి ఎందుకు చచ్చాడన్న ప్రశ్నకు కూడ జవాబుగా చెలామణి చేయడంలో.

ఈ రెండు ప్రశ్నలను వేరుచేసి పాలమూరును చూద్దాము. ఈ జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 600 మిల్లీమీటర్లు. నేల ఎక్కువగా ఎర్ర చెలక. ఇట్టి చోట ఏటా వాన ఒకే తీరున కురవదని పూర్వులకు తెలుసు. అందుకే గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. వనపర్తి సంస్థానంలోని పెద్ద చెరువులకు సప్తసముద్రాలని పేరు పడింది. అయితే ఆ చెరువుల కింద తరి భూమి ఎవరి చేతిలో వుండేది, చెలకల్లో ఎవరు వెట్టిచేసేవారు అన్న సంగతి మరచి సంస్థానాల కాలాన్ని స్వర్ణయుగమనడం కూడ పొరపాటే. చెరువు నీటికి కూడ వర్గం వుంది.

పారే నదికి ఇక చెప్పేదేముంది? కృష్ణ, తుంగభద్ర ఈ జిల్లా అంచులు ఒరుసుకుంటూ పోతాయి. తుంగభద్ర మీది రాజోలిబండ పథకం గద్వాల, అలంపురం ప్రాంతాలలో 87,500 ఎకరాలకు నీరివ్వవలసినది. చివరి పొలాలకు ఆ నీరు ఏనాడూ నిండుగా అందలేదు. హైదరాబాదు రాష్ట్రం విడిపోకుండా వుంటే ఈ జిల్లాకు సాగునీటి అవకాశాలు మెరుగ్గా వుండేవని బచావత్ ట్రిబ్యునలే 1970లలో ఒప్పుకొని, జూరాలకు 17.84 టి.ఎం.సి.లు కేటాయించింది. ఆ జూరాలలో నీరు నిలవడానికి 1990లు సగం గడవవలసి వచ్చింది. ఇక శ్రీశైలం జలాశయం కోసం 1981లో కృష్ణ ఒడ్డు పల్లెలను ఖాళీ చేయించారు. కొల్లాపురం తాలూకాలో ఊళ్ళు మునిగాయి, రేగడి పొలాలు మునిగాయి. తమ ఊరు మునిగిన నీటిని కంటి ఎదుట చూస్తూ, పక్క పొలాన్ని తడుపుకోలేని బ్రతుకు ఆ ఒడ్డువారిది. ఆ నీటిని ఎత్తిపోసే కల్వకుర్తి పథకం పొలాలకు చేరడానికి 2010లు రావలసి వచ్చింది.

ఈ లోపల జిల్లా ప్రజలు ఏమి చేశారు? వలస పోయారు. గుంపుమేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు అప్పుకు కట్టుబడి దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశానికంతటికీ తెలిసింది. ఇతరుల పొలాలకు కాలువలు తవ్విన చేతులు తమ పొలానికి నీరు లేక ఊరు విడిచినవి. వీటిలో ఏ ఒక్కదానినీ ఎల్‌నినో చేయలేదు. కాబట్టి కరువుకు కారణం పాలకులన్న మాటలో బలం వుంది. కాని ఆ మాట దగ్గరే ఆగిపోతే చాలదని నేననుకుంటున్నాను.

చాలకపోవడానికి కారణం, ఆకాశం కూడ ఇప్పుడు మునుపటి ఆకాశం కాదు. పారిశ్రామిక విప్లవానికి పూర్వం గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళు వున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటింది. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపల సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, 1951 నుంచి 2015 లోపల వేసవి ఋతుపవన వర్షం దాదాపు 6 శాతం తగ్గిందని భారత ప్రభుత్వపు భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించింది. ఆ తగ్గుదల ముఖ్యంగా గంగా మైదానంలో, పడమటి కనుమలలో కనిపించింది. కృష్ణ పుట్టేది పడమటి కనుమలలోనే అన్న సంగతి పాలమూరు వాడు మరువరాదు. పైగా వాన తగ్గకపోయినా ఎండ పెరిగితే నేలలోని తేమ త్వరగా ఆవిరి అవుతుంది. 2009 సంవత్సరాన్ని తలచుకోండి. ఆ ఏడు దేశంలో ఋతుపవన వర్షం ఇరవై శాతానికి పైగా తగ్గింది. అదే ఏడు అక్టోబరు మొదటి వారంలో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురాన్ని, కర్నూలును ముంచాయి. అనావృష్టి, అతివృష్టి ఒకే ఏటిలో ఒకే రైతు నెత్తిన పడ్డాయి. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని పట్టుకొంటుంది గనుక ఇట్టి విపరీతాలు ముందు ముందు పెరుగుతాయన్నది శాస్త్రజ్ఞుల మాట.

అట్లని ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడాన్ని శాస్త్రం కూడ ఒప్పుకోదు. 2021లో దక్షిణ మడగాస్కరు కరువును పరిశీలించిన శాస్త్రజ్ఞుల బృందం, అక్కడ వాన తగ్గడంలో వాతావరణ మార్పు పాత్ర స్వల్పమని, ఆకలికి పేదరికమే ముఖ్య కారణమని తేల్చింది. ఆ బృందమే 2023లో తూర్పు ఆఫ్రికా కరువును పరిశీలించి, భూగోళం వేడెక్కకపోతే అంత ఎండుదనం వచ్చేది కాదన్నది. నిజమైన శాస్త్రం ఏ కేసుకు ఆ కేసు విచారించి తీర్పు చెబుతుంది. ముందే తీర్పు రాసుకొని కూర్చునేవారు ఇరుపక్కలా వున్న వాదులే.

అడవి మంటల సంగతీ ఇంతే. మనకు తూర్పున నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు, నల్లమల వున్నాయి. ఆకురాల్చే ఆ అడవిలో ఏటా వేసవిలో మంటలు లేస్తాయి. లేచిన వెంటనే వేలు చెంచుల వైపు, పశువుల కాపర్ల వైపు, తునికాకు కోసేవారి వైపు చూపిస్తుంది. నిప్పురవ్వ చాలా మంటలలో మనిషిదే కావచ్చు. కాని రవ్వ పడిన చోట ఆరిపోవాలో, కొండంతా పాకాలో నిర్ణయించేది ఎండిన ఆకు, వేడిగాలి. ఆస్ట్రేలియాలో 2019–20 మంటలకు తావిచ్చిన వాతావరణం ఏర్పడే అవకాశాన్ని భూతాపం కనీసం 30 శాతం పెంచిందని లెక్కవేశారు. అడవులు నరికినందువల్లనే వానలు తగ్గాయన్న వాదం 19వ శతాబ్దంలో తెల్ల అధికారులలో బలంగా వుండేది. దాని నీడలోనే అటవీ చట్టాలు వచ్చి అడవిబిడ్డల హక్కులను కత్తిరించాయి. నేడు వాతావరణం పేరిట మళ్ళీ చెంచును అడవి నుంచి కదిలించరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉద్దేశం కూడ అదే. మరోవైపు 2019లో ఆ అడవిలోనే యురేనియం వెదకబోయినప్పుడు ప్రజలు లేచి అడ్డుకున్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించవలసి వచ్చింది. అడవిని కాచినది ఎవరో దీనితో తెలుస్తున్నది.

ఈ వివాదంలో పణంగా వున్నది కేవలం సిద్ధాంతం కాదు. కరువు అని ఎవరు ప్రకటిస్తారు, ఏ కొలతతో ప్రకటిస్తారు అన్నదానిపై రైతు అప్పు, కూలి పని, పశువుల మేత ఆధారపడి వుంటాయి. 2015లో తెలంగాణలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. 2016 మే నెలలో సుప్రీంకోర్టు, కరువును ప్రకటించకుండా తప్పించుకునే రాష్ట్రాలను తప్పుపట్టి, కరువు నిర్వహణ నియమాలను సవరించమన్నది. ఆ ఏడాది చివర వచ్చిన కొత్త నియమాలు వర్షపాతం, పైరు, నేల తేమ వంటి కొలతలను ముడివేసి, తీవ్రమైన కరువుకు తప్ప కేంద్ర సహాయం రాకుండా చేశాయి. అప్పు, వలస, ఆకలి ఆ మెట్టును తేల్చే కొలతలలో లేవు. అనావృష్టిని కొలిచి దానికే కరువు అని పేరు పెట్టారు. మన భాష వేరుచేసిన రెండు మాటలను ప్రభుత్వ కాగితం మళ్ళీ కలిపివేసింది.

ప్రకృతి మీద మనిషి సాధించిన ప్రతి విజయానికీ ప్రకృతి ప్రతీకారం తీర్చుకొంటుందని ఎంగెల్సు హెచ్చరించాడు. మెసపొటేమియాలో, గ్రీసులో అడవులు నరికినవారి కథను ఉదాహరణగా చెప్పాడు. మార్క్సు 1853లోనే, బ్రిటిషువారు ఈ దేశంలో నీటిపారుదల పనులను గాలికి వదిలారని రాశాడు. ఒకరు ప్రకృతిని గూర్చి, ఒకరు పాలనను గూర్చి చెప్పిన ఈ రెండు మాటలనూ కలిపి చదవడం మన బాధ్యత. సూర్యుని మచ్చలకు యజమాని లేడు. పొగగొట్టానికి వున్నాడు. ఇంతవరకు లోకంలో వెలువడిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతు ఒక్క అమెరికాది. అమెరికా కంటె ఎన్నో రెట్లు జనాభా వున్న మన దేశపు వాటా నాలుగు శాతానికి అటూ ఇటూ. ఆ మన వాటాలో వేరుసెనగ వేసుకునే వీపనగండ్ల రైతు పాలు ఎంత? కనుక వాతావరణ మార్పును కాదనడం ఆ యజమానిని వదిలిపెట్టడమే అవుతుంది. అంతా వాతావరణమే అనడం ఇక్కడి నీటి యజమానిని వదిలిపెట్టడం అవుతుంది.

విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. వాన ఎందుకు కురియలేదో శాస్త్రజ్ఞుణ్ణి అడగండి. అతని జవాబును గౌరవించండి. పొలానికి నీరు ఎందుకు రాలేదో, కూలి ఎందుకు చాలలేదో, నాన్న ఎందుకు వలస పోయాడో పాలకుణ్ణి అడగండి. ఒకరి జవాబును మరొకరి నోట వినడానికి ఒప్పుకోకండి. మీ ఊరి చెరువు ఏ ఏట నిండింది, ఏ ఏట ఎండింది, ఎవరి పొలానికి పారింది, ఏ ఏట ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి – పెద్దలను అడిగి రాసి పెట్టండి. ధాత కరువు కాలంలో ఆ లెక్కలు పాలకుల చేతనే వున్నాయి. ఈసారి ప్రజల చేత కూడ వుండాలి.