ఉవాల్డే స్కూల్ కాల్పులు: 376 మంది పోలీసులు ఉన్నా 77 నిమిషాలు ఎందుకు ఆగారు?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, శాన్ ఆంటోనియో నగరానికి పశ్చిమాన దాదాపు 135 కిలోమీటర్ల దూరంలో ఉవాల్డే అనే చిన్న ఊరు ఉంది. జనాభా 15 వేల చిల్లర. 2022 మే 24న ఆ ఊళ్లోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్లోకి 18 ఏళ్ల యువకుడు రైఫిల్‌తో చొరబడ్డాడు. 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను కాల్చి చంపాడు. వేసవి సెలవులకు ఇంకా రెండు రోజులే ఉంది. చనిపోయిన పిల్లల వయసు 9 నుంచి 11 ఏళ్లు.

అమెరికాలో స్కూల్ కాల్పుల వార్తలు కొత్తేమీ కాదు. అయినా ఉవాల్డే పేరు వేరే కారణంతో గుర్తుండిపోయింది. ఆ రోజు అక్కడికి వచ్చిన పోలీసులు, భద్రతా సిబ్బంది 376 మంది. దుండగుడు లోపలికి వెళ్లింది ఉదయం 11.33కి. పోలీసులు అతడిని మట్టుబెట్టింది మధ్యాహ్నం 12.50కి. మధ్యలో గడిచిన 77 నిమిషాల్లో అదే గదుల్లోంచి పిల్లలు ఫోన్ చేసి సాయం అడుగుతూనే ఉన్నారు.

మొదటి నాలుగు నిమిషాలు

దుండగుడు ముందు ఇంట్లో సొంత అమ్మమ్మ ముఖంపైనే కాల్చాడు. ఆమె బతికింది. తర్వాత ఆమె బండి తీసుకుని బయల్దేరి, 11.28కి స్కూలు దగ్గర కాలువలోకి దింపేశాడు. అక్కడి నుంచి నడుచుకుంటూ, కాలుస్తూ స్కూలు భవనం వైపు వెళ్లాడు. పడమటి వైపు తలుపును ఒక టీచర్ మూసేశారు గానీ దానికి తాళం పడలేదు. లోపల 111, 112 గదులు రెండూ కలిసే ఉంటాయి, మధ్యలో దారి ఉంది. ఆ గదుల్లో రెండు మూడు నిమిషాల్లోనే వందకు పైగా తూటాలు పేల్చాడు.

మొదటి పోలీసులు భవనంలోకి రావడానికి మూడు నిమిషాలే పట్టింది. ఇక్కడి వరకు ఆలస్యమేమీ లేదు. 11.37 ప్రాంతంలో వాళ్లు గది దగ్గరికి వెళ్లగానే లోపలి నుంచి కాల్పులు వచ్చాయి. ఇద్దరికి స్వల్ప గాయాలయ్యాయి. అందరూ వెనక్కి తగ్గి కారిడార్ చివర్లకు వెళ్లిపోయారు. ఆ వెనకడుగు గంటకు పైగా సాగింది.

ఎందుకు ఆగారు?

దీనికి జవాబు రెండు మాటల్లో ఉంది. ఎవరైనా ఇంకా కాలుస్తూ ఉంటే, లేదా లోపల గాయపడినవాళ్లు ఉంటే దాన్ని అమెరికా పోలీసులు ‘యాక్టివ్ షూటర్’ పరిస్థితి అంటారు. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఒక మనిషి గదిలో ఒంటరిగా తలుపు వేసుకుని కూర్చుంటే అది ‘బ్యారికేడ్’ పరిస్థితి. అప్పుడు తొందరపడక్కర్లేదు, మాట్లాడొచ్చు, అదనపు బలగాల కోసం వేచి ఉండొచ్చు. ఉవాల్డేలో మొదటి దాన్ని రెండోదిగా లెక్కగట్టారు. గదిలో పిల్లలున్నారన్న సంగతి పట్టించుకోకుండా తాళాల కోసం, కవచాల కోసం, ప్రత్యేక దళం కోసం చూస్తూ నిలబడ్డారు.

ఇది తెలియక జరిగిన పొరపాటని చెప్పడం కష్టం. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు పోలీసులు ప్రత్యేక దళం కోసం బయట ఆగారు. ఆలోపు లోపల ఒక టీచర్ రక్తం పోయి చనిపోయారు. అప్పటి నుంచి అమెరికా అంతటా పద్ధతి మారింది. ముందు చేరుకున్న పోలీసు, ఒక్కడైనా సరే, కాల్పుల శబ్దం వచ్చే వైపే వెళ్లాలి. ఉవాల్డే స్కూల్ పోలీసు విభాగం ఇదే శిక్షణను అదే ఏడాది మార్చిలో, అంటే ఘటనకు రెండు నెలల ముందే ఇప్పించింది.

ఇక్కడ ఒక సంగతి మన పాఠకులకు వింతగా అనిపించొచ్చు. టెక్సాస్‌లో స్కూల్ బోర్డులకు సొంత పోలీసు విభాగాలు ఉంటాయి. ఉవాల్డే స్కూళ్లకూ అలాంటి చిన్న విభాగమే ఉంది. అప్పట్లో దాని చీఫ్ పీట్ అరెడోండో. స్కూళ్ల భద్రతా ప్రణాళిక ప్రకారం ఇలాంటి దాడి జరిగితే కమాండ్ ఆయన చేతిలోనే ఉండాలి. కానీ తాను ఇన్‌చార్జ్ అని అనుకోలేదని ఆయన తర్వాత చెప్పారు. పైగా చేతులు ఖాళీగా ఉండాలని రేడియో సెట్లు రెండూ బయటే వదిలేసి లోపలికి వెళ్లారు. సెల్‌ఫోన్‌తోనే మాట్లాడుతూ ఉన్నారు.

అలాగని తప్పంతా ఒక్కడి మీదే వేయడం కుదరదు. వచ్చిన 376 మందిలో 149 మంది సరిహద్దు గస్తీ దళం వాళ్లు, 91 మంది రాష్ట్ర పోలీసులు, 25 మంది ఉవాల్డే నగర పోలీసులు. స్కూల్ పోలీసులు అయిదుగురే. పెద్ద పెద్ద శాఖల అధికారులు వచ్చి కూడా ‘ఇక్కడ ఎవరు ఆర్డర్ ఇస్తున్నారు?’ అని అడిగి కమాండ్ తమ చేతుల్లోకి తీసుకోలేదు. బయట కమాండ్ పోస్ట్ అనేదే సరిగా ఏర్పడలేదు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

ఫోన్ కాల్ వచ్చింది, మాట చేరలేదు

మన దగ్గర 100కు, 112కు చేసినట్టు అమెరికాలో ఎమర్జెన్సీకి 911కి ఫోన్ చేస్తారు. 12.10కి 112వ గది నుంచి ఒక చిన్నారి 911కి ఫోన్ చేసింది. చాలామంది చనిపోయారని, పోలీసులను పంపమని మెల్లగా చెప్పింది. అప్పటికి పోలీసులు ఆ పాప ఉన్న గదికి కొన్ని అడుగుల దూరంలోనే కారిడార్‌లో ఉన్నారు. గదిలో బాధితులున్నారన్న సమాచారాన్ని కంట్రోల్ రూమ్ రేడియోలో చెప్పింది. అయితే ఆ భవనంలో రేడియోలు సరిగా పనిచేయలేదు. విన్న కొద్దిమంది కూడా నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్లకు ఆ మాట చేరిందా లేదా అని చూసుకోలేదు.

దీనికన్నా ముందే ఇంకో మాట కారిడార్‌లోకి వచ్చింది. ఆ గదిలోని టీచర్ ఒకరు పోలీసు అధికారి భార్య. తనకు తూటా తగిలిందని ఆమె భర్తకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన కారిడార్‌లో ఆ సంగతి అందరి ముందూ చెప్పారు. తోటి పోలీసులు ఆయన్ను వెనక్కి తీసుకెళ్లి, చేతిలోని తుపాకీ తీసుకున్నారు. లోపల గాయపడిన మనిషి ఉందని తెలిశాక కూడా ‘బ్యారికేడ్’ అన్న లెక్క మారలేదు. ఆ టీచర్ తర్వాత అంబులెన్స్‌లో చనిపోయారు.

12.21కి లోపల మళ్లీ తూటాలు పేలాయి. పోలీసులు కొంచెం ముందుకు కదిలి, మళ్లీ ఆగారు. అప్పటి నుంచి తలుపు తీయడానికి ఇంకో 29 నిమిషాలు పట్టింది. 12.36కి గదుల్లోంచి మళ్లీ 911కి ఫోన్ వచ్చింది.

చాలాసేపు తాళంచెవుల వెతుకులాటలోనే గడిచింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, 111వ గది తలుపుకు అసలు తాళం పడి ఉండకపోవచ్చు. దాని తాళం సరిగా పనిచేయదని స్కూల్లో చాలామందికి ముందే తెలుసు. ఆ 77 నిమిషాల్లో హ్యాండిల్ తిప్పి చూసినవాళ్లు లేరు.

స్కూల్లో అలారం సంగతి

స్కూలు కూడా ఇందులో బాధ్యత తప్పించుకోలేదు. దాడి హెచ్చరిక ఫోన్ యాప్ ద్వారా పంపారు. వైఫై బలహీనంగా ఉండటం, కొందరు టీచర్ల దగ్గర ఫోన్ లేకపోవడంతో అది అందరికీ అందలేదు. మైకులో ప్రకటన రాలేదు. ఇంకో చిక్కు ఉంది. ఉవాల్డే మెక్సికో సరిహద్దుకు దగ్గర. మనుషులను అక్రమంగా తరలించే వాహనాలను పోలీసులు వెంటాడటం, అందులోని వాళ్లు దిగి పారిపోవడం అక్కడ మామూలు. అలా జరిగిన ప్రతిసారీ స్కూలుకు అలర్ట్ వచ్చేది. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి మే దాకా అలాంటివి దాదాపు 50. ‘నాన్నా పులి’ కథలా, అసలైన అలర్ట్ వచ్చిన రోజు కొందరు దాన్నీ మామూలుదే అనుకున్నారు.

తల్లిదండ్రులకు ఏం చెప్పారు?

ఉదయం 11.43కి, అంటే కాల్పులు మొదలైన పది నిమిషాలకు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఫేస్‌బుక్‌లో ఒక పోస్ట్ పెట్టింది. ఆ ప్రాంతంలో కాల్పుల శబ్దం వచ్చినందున స్కూలు లాక్‌డౌన్‌లో ఉందని, విద్యార్థులు, సిబ్బంది భవనంలో క్షేమంగా ఉన్నారని అందులో ఉంది. అప్పటికే పిల్లలు నెత్తుటి మడుగులో ఉన్నారు.

స్కూలు బయట గుమిగూడిన తల్లిదండ్రులను పోలీసులు తోసేశారు. కొందరిని కింద పడేసి పట్టుకున్నారు, ఒక తల్లికి బేడీలు వేశారు. బేడీలు తీసేశాక ఆమే కంచె దూకి వెళ్లి తన పిల్లలను బయటికి తెచ్చుకుంది. సాయంత్రం పిల్లలను అప్పగించే సివిక్ సెంటర్ దగ్గర ఇంకా కొంతమందితో బస్సు వస్తోందని కుటుంబాలకు చెప్పారు. ఆ బస్సు లేదు. ఎదురుచూస్తున్న వాళ్ల పిల్లలు అప్పటికే చనిపోయారు. లోపలి నుంచి తెచ్చినవారిలో చనిపోయినవాళ్లను కొందరిని అంబులెన్సుల్లో, తూటా గాయాలున్న పిల్లలను కొందరిని స్కూలు బస్సుల్లో పంపారని కేంద్ర న్యాయశాఖ తర్వాత తేల్చింది.

మర్నాడు టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ విలేకరుల ముందు పోలీసుల ధైర్యాన్ని మెచ్చుకున్నారు. వాళ్లు తూటాలకు ఎదురు వెళ్లారని, లేదంటే ఇంకా ఘోరం జరిగేదని అన్నారు. స్కూలు పోలీసు ఒకరు బయటే దుండగుడిని అడ్డుకున్నారన్న మాట కూడా ప్రచారమైంది. అలాంటిదేం జరగలేదని మే 26న అధికారులే ఒప్పుకున్నారు. టీచర్ తలుపు తెరిచి వదిలేశారని చెప్పి, తర్వాత దాన్నీ వెనక్కి తీసుకున్నారు. మే 27న రాష్ట్ర పోలీసు డైరెక్టర్ స్టీవ్ మెక్‌క్రా ఆగడమే తప్పుడు నిర్ణయమని బహిరంగంగా అన్నారు. తనను తప్పుదారి పట్టించారని గవర్నర్ మండిపడ్డారు. కొద్ది రోజుల్లోనే ఇన్నిసార్లు కథ మారితే, పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు ఏది నమ్మాలి?

దర్యాప్తులు, కేసులు

2022 జులైలో టెక్సాస్ అసెంబ్లీ కమిటీ తన నివేదికలో వ్యవస్థ మొత్తం విఫలమైందని చెప్పింది. అదే నెలలో బయటికొచ్చిన కారిడార్ వీడియోలో పోలీసులు నిలబడి ఉండటం, ఒకరు చేతులకు శానిటైజర్ రాసుకోవడం ప్రపంచమంతా చూసింది. ఆగస్టులో అరెడోండోను ఉద్యోగం నుంచి తీసేశారు. 2024 జనవరి 18న కేంద్ర న్యాయశాఖ దాదాపు 600 పేజీల నివేదిక ఇచ్చింది. పద్ధతి ప్రకారం వెంటనే లోపలికి వెళ్లి ఉంటే కొన్ని ప్రాణాలు దక్కేవని అప్పటి అటార్నీ జనరల్ మెరిక్ గార్లాండ్ స్పష్టంగా చెప్పారు.

376 మందిలో క్రిమినల్ కేసు ఎదుర్కొన్నది ఇద్దరే. పిల్లలను ప్రమాదంలో వదిలేశారంటూ 2024 జూన్‌లో అరెడోండోపై, మరో స్కూల్ పోలీసుపై అభియోగాలు మోపారు. ఇద్దరూ తప్పు చేయలేదన్నారు. ఆ రెండో వ్యక్తిని 2026 జనవరిలో జ్యూరీ నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఇంకో ఊళ్లో నాలుగు నిమిషాలు

ఉవాల్డే జరిగిన ఏడాదికి, 2023 మే 6న, అదే టెక్సాస్‌లో డల్లాస్ దగ్గరి ఆలెన్ పట్టణంలో ఒక షాపింగ్ మాల్‌లో కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది చనిపోయారు. వారిలో హైదరాబాద్ ప్రాంతం నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు. వేరే పని మీద అక్కడికొచ్చిన ఒక్క పోలీసు శబ్దం వినగానే పరుగెత్తి, నాలుగు నిమిషాల్లో దుండగుడిని కాల్చేశాడు. ఎవరి ఆర్డరూ, ఏ కవచమూ, ఏ ప్రత్యేక దళమూ కోసం చూడలేదు.

డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు, హైదరాబాదీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ పిల్లలను చదివిస్తున్నవాళ్లు స్కూలును అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అలర్ట్ ఏ యాప్‌లో, ఏ నంబరుకు వస్తుంది? ‘సెక్యూర్’ అంటే బయట ప్రమాదం ఉందని తలుపులు మూయడం, ‘లాక్‌డౌన్’ అంటే ప్రమాదం లోపలే ఉందని అర్థం. ఈ తేడా పిల్లలకు తెలుసా? పిల్లలను తర్వాత ఎక్కడ అప్పగిస్తారు? మామూలుగా ఫొటో ఐడీ చూపినవారికి, స్కూలు రికార్డులో పేరున్నవారికి మాత్రమే అప్పగిస్తారు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాల్లో ఉంటే దగ్గర్లోని చాచానో, ఖాలానో పేరు ముందే రాయించాలి. ఇండియా నుంచి వెళ్లి మనవళ్లను చూసుకుంటున్న నానీ, దాదీల దగ్గర పాస్‌పోర్టు తప్ప వేరే ఐడీ ఉండదు కాబట్టి, అది చెల్లుతుందో లేదో స్కూలు ఆఫీసులో కనుక్కోవడం మంచిది.