రెండు ఇంజన్ల నడుమ ఒక బాయిలర్

ఢిల్లీ చాణక్యపురిలోని రైలు మ్యూజియానికి వెళ్ళినవారు సాధారణంగా మహారాజుల సెలూన్ పెట్టెల దగ్గరే ఆగిపోతారు. నేను ఆగింది బెంగాల్ నాగపూర్ రైల్వే వారి 815 నెంబరు ఇంజను ముందు. ముందొక నీళ్ళతొట్టి, వెనకొక బొగ్గుతొట్టి, నడుమ వంతెనలా వేలాడే బాయిలర్. బరువు 234 టన్నులు!

బరువైన బండిని లాగాలంటే ఇంజనుకీ బరువుండాలి. ఆ బరువంతా ఒక్కచోట పడితే వంతెనలు ఓర్చవు. పోనీ పొడవు పెంచుదామంటే వంపుల్లో తిరగదు. ఈ చిక్కుకు హెర్బర్ట్ విలియం గారట్ అనే ఆంగ్లేయుడు చూపిన ఉపాయం ఇది. రెండు చిన్న ఇంజన్లను దూరంగా నిలిపి, వాటి మధ్య బాయిలర్‌ను ఇరుసుల మీద మోయించాడు. పట్టాల వంపును వింటిబద్ద అనుకుంటే, బాయిలర్ అల్లెతాడులా లోపలివైపే ఉంటుంది. పాత మాలెట్ ఇంజన్లలో వంపు తిరిగేటప్పుడు బాయిలర్ ముందుభాగం వెలుపలికి పొడుచుకొచ్చేది. పైగా గారట్ బాయిలర్ కింద చక్రాలు లేవు కనుక పొయ్యిని కావలసినంత లోతుగా, వెడల్పుగా కట్టుకోవచ్చు.

లోపం లేదని కాదు. తొట్లలో నీళ్ళూ బొగ్గూ తరిగేకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి, పట్టు సడలేది.

మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1909లో మొదటి గారట్‌ను టాస్మానియాలోని రెండడుగుల గేజి లైను కోసం కట్టింది. గారట్ 1913లోనే పోయాడు. తన పేరిట వచ్చిన మహాకాయాలను చూడనే లేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే విశాఖవాసులకు పరాయిది కాదు, వాల్తేరు దాకా అదే వచ్చేది. కానీ గారట్లు చెమటోడ్చింది చక్రధర్‌పూర్ వైపు, సారండా కొండల్లో, బొగ్గూ ఇనుప ఖనిజమూ మోస్తూ. 1925లో రెండింటిని తెచ్చి పరీక్షించారు. తృప్తి కలిగాక ఎన్ తరగతివి పదహారు, 1931లో ఎన్.ఎం. తరగతివి పది, 1939లో పి తరగతివి నాలుగు వచ్చాయి. మొత్తం ముప్ఫై రెండు.

మన చరిత్ర పుస్తకాల్లో రైలంటే 1853 నాటి బోరీబందర్–ఠాణా ప్రయాణమే. గూడ్సు బండ్ల ఊసు ఉండదు. జంషెడ్‌పూర్ ఉక్కు గురించి రాసేవారు సైతం కొండలు దాటించిన ఇంజను మాట ఎత్తరు.

డీజిలూ విద్యుత్తూ వచ్చాక ఇవి తుక్కులోకి వెళ్ళాయి. 815 ఢిల్లీ చేరింది. దాని తోడు 811ను ఖరగ్‌పూర్‌లో భద్రపరిచారు.