ఇచ్చినవారు – అడిగినవారు
(రాజమహేంద్రవరపు మ్యూజియము కథ)

రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిది వందల యేండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. భావరాజు వేంకటకృష్ణారావు, చిలుకూరి వీరభద్రరావు, రాళ్లబండి సుబ్బారావు మున్నగువారు అందు పాటుపడిరి. పట్టాభిషేక సంచికయు, 1930లో ‘కళింగదేశ చరిత్ర’యు వెలువడినవి. ఆ కృషితోపాటే శాసనములు, నాణెములు, విగ్రహములు చేరినవి. 1967లో ఆ సేకరణమును ప్రభుత్వము స్వీకరించినది. గోదావరి గట్టు చెంత సుబ్బారావుగారి పేరిటనే ఆ మ్యూజియము నేటికిని కలదు.

ఇట్టి చోట్లకు వస్తువులు వచ్చు తీరు విచిత్రమైనది. రైతు నాగలికి రాగిరేకులు తగులును. అది లంకెబిందె గుర్తని కొందరు దాచుదురు, కొందరు కంసాలి కొలిమికి పంపుదురు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. ఆ భయము చేతనే ఎన్ని రేకులు కరగిపోయినవో!

కరగక మిగిలినవానిలో నందంపూడి శాసనమొకటి. రాజరాజు తన 32వ ఏలుబడి యేట నారాయణభట్టునకు నందంపూడి గ్రామము నిచ్చినాడు. శాసనము రచించినవాడు నన్నయభట్టు. భారత రచనలో తనకు తోడ్పడిన ఆ నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో కవియని అందు చెప్పబడినది. కన్నడ దేశమున మూడు తరములుగా రెండు భాషలు పలుకుచున్న మనవారికి ఈయన పరాయివాడు కాడు.

ఇక అడుగవచ్చువారు. “మా యింటిపేరు గల ఊరు ఎక్కడ నున్నది? మా పెద్దలు ఎప్పుడు కదలినారు?” – తంజావూరు, మదుర ప్రాంతముల మనవారి ప్రశ్నలు చాలవరకు ఇవియే. తామ్రశాసనము ఇందులకు కొంత పనికివచ్చును. అందు ప్రతిగ్రహీత గోత్రము, తండ్రి తాతల పేర్లు, ఊరి నాలుగు పొలిమేరలు ఉండును. కాని అది భూమి దానము పట్టినవాని మాట. దున్నినవాని పేరు, నేసినవాని పేరు అందు అరుదు. అట్టివారి జాడ పెండ్లి పద్దులలో, అప్పుపత్రములలో, తీర్థయాత్రలో పండా వ్రాసికొన్న చిట్టాలో వెదకవలెను. ఆ కాగితములు మన అటకల మీదనే యున్నవి. మ్యూజియము నడుగువారు ముందు తమ యటక నడుగుట మంచిదని నా యభిప్రాయము.

ఇచ్చువారికి రెండు మాటలు. వస్తువుతోపాటు అది ఎచ్చట, ఎవరి చేత, ఏ స్థితిలో దొరకినదో వ్రాసి యిండు, రసీదు పుచ్చుకొనుడు. ఊరు తెలియని విగ్రహము ఎంత అందమైనను సగము మూగది. డెబ్బదియైదేండ్లు దాటి, చరిత్రకు గాని సాహిత్యమునకు గాని విలువగల వ్రాతప్రతి 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువే. ఇంట నుంచుకొనవచ్చును గాని, విదేశములందలి బంధువులకు పంపరాదు.

రాగిరేకులను చింతపండుతో తళతళ తోమి తెచ్చు భక్తులు గలరు. తోమవలదు. ఆ పచ్చని పొర సంగతి తెలిసినవారు చూచుకొందురు. రేకులను గ్రుచ్చిన కడియమును కోయవలదు. చేతికి వచ్చునప్పటికి కడియము తెగియున్నదా లేదా యన్నది శాసన పరిశోధకుడు మొట్టమొదట వ్రాసికొను విషయము. ఉన్నది యున్నట్లు పాతగుడ్డలో చుట్టి తెచ్చిన చాలును.